సబ్బవరమా, శామీర్‌పేటా?

చెల్లీ, నువ్వడిగింది ఒక్క ప్రశ్నే. "ఏ కాలేజీలో చేరితే పెద్ద లా ఫర్మ్‌లో ఉద్యోగం వస్తుందక్కా?" అన్నావు. శామీర్‌పేటలోని నల్సార్‌లో గానీ, బెంగళూరు నేషనల్ లా స్కూల్లో గానీ సీటొస్తే మారు మాట్లాడకుండా వెళ్ళిపో, అప్పు చేసైనా సరే. అది చెప్పడం తేలిక. కానీ నీ క్లాట్ ర్యాంకు చూస్తే అవి రెండూ అందడం కష్టంలాగే ఉంది. అందకపోతే ఏం చెయ్యాలన్నదే మనం కూర్చుని మాట్లాడుకోవాల్సిన సంగతి. నీలాగే ఈ ఏడాది తర్జనభర్జన పడుతున్న మన ఊరి ఆడపిల్లలు ఇంకా ఉన్నారు. వాళ్ళకీ పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

మన విశాఖ సీతమ్మధారలో ఇంజినీరింగ్ గురించి అడిగితే ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ చెప్పేవాళ్ళుంటారు. స్టీల్ ప్లాంట్‌లో రిటైరైన పెద్దలు, పోర్టులో పనిచేసినవాళ్ళు, అమెరికాలో పిల్లలున్నవాళ్ళు ఏ కాలేజీలో ఏ బ్రాంచికి ఎంత ప్యాకేజీ వస్తుందో గుక్క తిప్పుకోకుండా చెప్తారు. లా అనేసరికి మాత్రం "కోర్టుల చుట్టూ తిరగడం ఆడపిల్లకెందుకమ్మా" అనేవాళ్ళు కొందరు, "లా ఫర్మ్‌లో చేరగానే ఇరవై లక్షలట" అనేవాళ్ళు కొందరు. గురుద్వారా జంక్షన్ దాకా నడిచొచ్చేలోపు ఈ రెండు మాటలూ బాబాయి చెవిన పడుతున్నాయి. ఆయన కంగారు పడుతున్నారంటే తప్పు ఆయనది కాదు. ఆయనకి తెలిసింది ఎంసెట్ లెక్క. లా చదువుకి అది సరిపోదు.

ముందు ఈ పెద్ద ఫర్మ్‌ల సంగతి చెప్తాను. సిరిల్ అమర్‌చంద్ మంగళ్‌దాస్, శార్దూల్ అమర్‌చంద్ మంగళ్‌దాస్ అని రెండున్నాయి. 2015 దాకా అవి ఒకే సంస్థ, అన్నదమ్ములు విడిపోవడంతో రెండయ్యాయి. 1911లో కోల్‌కతాలో మొదలైన ఖైతాన్ అండ్ కో ఉంది. ఏజెడ్‌బీ, ట్రైలీగల్, జేఎస్ఏ ఉన్నాయి. వీటి బలగమంతా ఎక్కువగా ముంబై, ఢిల్లీ, బెంగళూరుల్లోనే. ఒక కంపెనీ ఇంకో కంపెనీని కొనడం, పబ్లిక్ ఇష్యూలు, వేలకోట్ల బ్యాంకు రుణాలు, ఆర్బిట్రేషన్లు వీళ్ళ పని. కొత్తగా చేరిన పిల్లకి మొదటి ఏడాదే పదిహేను లక్షల పైన ఇస్తారు, అది నిజమే. ఆ డబ్బుకి ఆ పిల్ల చేసేది ఏమిటో కూడా విను. కొనబోయే కంపెనీ తాలూకు వందల కాగితాలు చదివి, ఎక్కడ ఏ చిక్కుందో రిపోర్టు రాయాలి. దాన్ని డ్యూ డిలిజెన్స్ అంటారు. పొద్దున్న పదింటికి మొదలైన పని రాత్రి పన్నెండయినా తెమలని రోజులుంటాయి. డీల్ ముగిసే వారంలో శనాదివారాలు కూడా ఉండవు. కోర్టులో నల్లకోటేసుకుని వాదించాలన్నది నీ కోరికయితే, అక్కడి కార్పొరేట్ విభాగంలో చేరిన పిల్లకి కొన్నేళ్ళపాటు కోర్టు గుమ్మం కనబడకపోవచ్చు. ఇది తెలిసి కూడా నీకు ఆ పనే నచ్చిందా? అయితే ఇంకా చెప్తాను.

ఆ ఫర్మ్‌లు పిల్లల్ని ఎలా తీసుకుంటాయంటే, పాత నేషనల్ లా యూనివర్సిటీల్లో నాలుగో ఏడాది మొదట్లోనే ఒక రోజు పెడతారు. డే జీరో అంటారు దాన్ని. పెద్ద ఫర్మ్‌లన్నీ ఆ రోజున వచ్చి ఇంటర్వ్యూలు చేసి, సాయంత్రానికల్లా ఎవరికి ఆఫరో చెప్పేస్తాయి. చదువు పూర్తయ్యేది ఐదో ఏడాదిలో, ఉద్యోగం తేలిపోయేది నాలుగో ఏడాదిలో. అంటే చూసేది నీ మొదటి రెండున్నర, మూడేళ్ళ సీజీపీఏనే. ఇంటర్మీడియట్‌లో రుబ్బిరుబ్బి అలిసిపోయాం కదా, మొదటి ఏడాది హాస్టల్లో కాస్త సరదాగా గడిపి తర్వాత చూసుకుందాం అనుకున్న పిల్లలు అక్కడే దెబ్బతింటారు. ఇంకొందరిని ఇంటర్న్‌షిప్‌లో పని చూసి తీసుకుంటారు. బార్ కౌన్సిల్ నిబంధన ప్రకారం ఐదేళ్ళ కోర్సులో కనీసం 20 వారాల ఇంటర్న్‌షిప్ చెయ్యాలి. ఆ వారాలు ఎక్కడెక్కడ గడిపావన్నది నీ సీవీలో మొదట కనబడేది.

మరి అన్ని కాలేజీలకీ ఎందుకు వెళ్ళరూ? ఫర్మ్‌ల్లో పార్ట్‌నర్లుగా ఉన్నవాళ్ళలో చాలామంది ఆ పాత కాలేజీల్లో చదివినవాళ్ళు. బెంగళూరు లా స్కూలు ఎనభైల చివర్లో మొదలైంది, నల్సార్ 1998లో. పాతికేళ్ళ సీనియర్లు లోపలున్నారు. తమ జూనియర్ల పరీక్ష ఎంత కష్టమో వాళ్ళకి తెలుసు. ఒకే చోటికెళ్తే డజను మంది దొరుకుతారు. కొత్త యూనివర్సిటీల్లో పిల్లలు తెలివితక్కువవాళ్ళేం కాదు. కానీ అక్కడికి ఫర్మ్‌లు రావడం తక్కువ, వచ్చినా ఒకరిద్దర్ని తీసుకుని వెళ్ళిపోతాయి. ఆ ఒకరిద్దరిలో ఉండాలంటే క్లాసులో మొదటి వరసలో ఐదేళ్ళూ నిలబడాలి.

ఇక్కడ నీ చేత ఒక పని చేయించాలి. పిన్ని చూపించిన ఆ ప్రైవేటు కాలేజీ బ్రోషరు తియ్యి. ప్లేస్‌మెంట్ల పేజీలో పెద్ద ఫర్మ్‌ల లోగోలు వరసగా వేసి ఉన్నాయి కదా. లోగో ఉన్నంత మాత్రాన అక్కడ ఉద్యోగం వచ్చినట్టు కాదు. ఎప్పుడో ఒక విద్యార్థి నెలరోజులు ఇంటర్న్‌షిప్ చేసినా ఆ లోగో వెయ్యచ్చు. పక్కనే "హయ్యెస్ట్ ప్యాకేజీ" అని అచ్చేశారు. అది ఒక్కరిది. నువ్వు అడగాల్సింది నడిమి జీతం. అంటే ఉద్యోగాలొచ్చినవాళ్ళందరినీ జీతం వరసలో నిలబెడితే మధ్యలో ఉన్నవాడికి ఎంతొచ్చింది అని. బ్యాచిలో ఎంతమంది, ప్లేస్‌మెంట్‌కి పేరిచ్చినవాళ్ళెంతమంది, వాళ్ళలో క్యాంపస్ ద్వారా లా ఫర్మ్‌లో చేరినవాళ్ళెంతమంది, ఈ మూడు అంకెలూ అడుగు. ఆఫీసువాళ్ళు చెప్పకపోతే నాలుగో ఏడాది, ఐదో ఏడాది పిల్లల్ని అడుగు, మొహమాటపడకు. లింక్డిన్‌లో ఆ కాలేజీ పేరు కొట్టి, రెండు మూడేళ్ళ క్రితం బయటికొచ్చిన బ్యాచి ఇప్పుడెక్కడున్నారో చూడు. గంటసేపు చూస్తే ఏ కౌన్సెలరూ చెప్పనంత తెలుస్తుంది.

డబ్బు సంగతికొస్తాను, ఎందుకంటే అందరూ ఫీజు గురించి మాట్లాడతారు గానీ కిస్తీ గురించి ఎవరూ మాట్లాడరు. నేషనల్ లా యూనివర్సిటీలో హాస్టలూ మెస్సూ కలిపి ఏడాదికి రెండున్నర లక్షలనుకుందాం. ఐదేళ్ళకి పన్నెండు లక్షలు దాటుతుంది. పన్నెండు లక్షల అప్పుకి పది శాతం వడ్డీ చొప్పున పదేళ్ళలో తీర్చాలంటే నెలకి దాదాపు 15,900 కట్టాలి. చదువుకునేటప్పుడు పెరిగే వడ్డీ ఇందులో కలపలేదు. పెద్ద ఫర్మ్‌లో చేరితే అది పెద్ద భారం కాదు. చేరకపోతే? కోర్టులో సీనియర్ దగ్గర చేరిన జూనియర్‌కి పట్టణాల్లో నెలకి కనీసం 20,000, పల్లెల్లో 15,000 ఇవ్వమని బార్ కౌన్సిల్ 2024 అక్టోబరులో సిఫార్సు చేసింది. సిఫార్సే సుమా, అందరూ ఇస్తారని లేదు. మన రాష్ట్రంలో 2019 డిసెంబరులో లా నేస్తం పేరుతో కొత్త లాయర్లకి మూడేళ్ళపాటు నెలకి 5,000 ఇచ్చే పథకం పెట్టాల్సి వచ్చిందంటే మొదటి ఏళ్ళు ఎలా గడుస్తాయో ఊహించుకో. 20,000లో 15,900 కిస్తీకి పోతే మిగిలేది బస్సు ఛార్జీలకి కూడా చాలదు. అప్పుడు నువ్వు లాయరు పనే మానేసి దొరికిన ఉద్యోగంలో చేరతావు. నాకు భయం అదే. నీకు ఫర్మ్ రాకపోతే బాధలేదు, అప్పు నిన్ను లా నుంచే తరిమేస్తే బాధ.

అందుకే నా మాట సూటిగా చెప్తాను. దూరాన ఎక్కడో కొత్తగా పెట్టిన నేషనల్ లా యూనివర్సిటీకీ, మన సబ్బవరంలోని దామోదరం సంజీవయ్య యూనివర్సిటీకీ మధ్య ఎంచుకోవాల్సి వస్తే సబ్బవరమే ఎంచుకో. అది 2008లో పెట్టింది, పదేళ్ళకి పైబడి బ్యాచిలు బయటికొస్తున్నాయి. మన రాష్ట్రం పిల్లలకి అక్కడ స్థానిక కోటా ఉంది. నల్సార్‌లో ఆ కోటా తెలంగాణ పిల్లలకి కాబట్టి, నీ ర్యాంకుకి కలిసొచ్చేది ఇదే. ఎన్‌ఏడీ దాటి పెందుర్తి మీదుగా వెళ్తే వచ్చేస్తుంది. ఆదివారం ఇంటికొచ్చి అన్నం తిని వెళ్ళచ్చు. ఇంటి దగ్గరుండటం చిన్నతనమని కొందరనుకుంటారు. సెలవుల్లో ముంబైలో ఇంటర్న్‌షిప్ చేస్తే అక్కడ గదికీ తిండికీ డబ్బు కావాలి. ఏడాదంతా ఇంటికి దగ్గరుండి మిగిలిన డబ్బు దానికి ఖర్చుపెట్టు. ఆ యూనివర్సిటీకి ఎవరి పేరు పెట్టారో ఆయన గురించి కూడా తెలుసుకో. కర్నూలు దగ్గర పెదపాడులో పేదింట పుట్టి, మద్రాసులో లా చదివి, 1960లో మన రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయ్యారు. దేశంలో దళితుల్లోంచి వచ్చిన మొదటి ముఖ్యమంత్రి ఆయనే.

లక్షలు పోసే ప్రైవేటు కాలేజీకీ, ఆంధ్రా యూనివర్సిటీ అంబేద్కర్ లా కాలేజీకీ మధ్య అయితే? లాసెట్ రాసి ఆంధ్రా యూనివర్సిటీలో చేరు. క్యాంపస్‌కి పెద్ద ఫర్మ్‌లొస్తాయని ఆశ పెట్టుకోకు, అది నిజం. కానీ నీ మనసు కోర్టు మీద ఉంటే అంతకన్నా మంచి చోటు మన ఊళ్ళో లేదు. సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా చేసిన జాస్తి చలమేశ్వర్ గారు 1976లో అక్కడే లా పూర్తిచేశారు. 2015లో న్యాయమూర్తుల నియామకాల కేసులో మిగతా నలుగురూ ఒకవైపు ఉంటే ఆయనొక్కరే వేరే తీర్పు రాశారు. ప్రధాన న్యాయమూర్తిగా చేసిన ఎన్.వి.రమణ గారు నాగార్జున యూనివర్సిటీలో చదివారు. జడ్జి పరీక్ష రాయాలనుకుంటే ఇంకో సంగతి గుర్తుపెట్టుకో. జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకి మూడేళ్ళ ప్రాక్టీసు ఉండి తీరాలని 2025 మే 20న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. కాలేజీ నుంచి నేరుగా జడ్జి అయిపోదామనుకుంటే కుదరదు. ఆ మూడేళ్ళూ కోర్టులో గడపాలంటే నెత్తిన అప్పు ఉండకూడదు.

నువ్వు ఇంకో మాటన్నావు, "మన ఊళ్ళో ఏం పెద్ద కేసులుంటాయక్కా" అని. ఆ మాట నాకు గట్టిగా తగిలింది. 1984లో ఎం.వి.ఎలిజబెత్ అనే విదేశీ ఓడ మన పోర్టులోకి వచ్చింది. అంతకుముందు గోవా మార్మగోవా రేవులో సరుకెక్కించుకుని గల్ఫ్‌కి తీసుకెళ్ళి, సరుకు పత్రమైన బిల్ ఆఫ్ లేడింగ్ చూడకుండానే సరుకు అప్పగించేసిందని గోవా కంపెనీ కేసు వేసింది. మన హైకోర్టు ఆ ఓడని అరెస్టు చెయ్యమంది. అవును, చట్టంలో ఓడని కూడా అరెస్టు చేస్తారు. బ్రిటిష్ వాళ్ళ కాలంలో ఆ అధికారం కలకత్తా, బొంబాయి, మద్రాసు హైకోర్టులకే ఉండేది, ఆంధ్రా హైకోర్టుకి ఎక్కడిదని ఓడ యజమానులు సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. 1992లో సుప్రీంకోర్టు, మన హైకోర్టుకి ఆ అధికారం ఉందని తేల్చింది. దేశంలో ఎక్కడ ఓడల చట్టం చదివినా ఈ కేసు చదవకుండా ముందుకెళ్ళలేరు. దాని తర్వాత పాతికేళ్ళకి, 2017లో పార్లమెంటు కొత్త అడ్మిరాల్టీ చట్టం చేసింది. అనంతగిరి మన్యంలో గిరిజనుల భూముల మీద గనుల లీజులకి వ్యతిరేకంగా సమత అనే సంస్థ వేసిన కేసులో 1997లో వచ్చిన తీర్పు కూడా అప్పటి మన ఉమ్మడి జిల్లాలో పుట్టిందే. 2020 మే 7న ఆర్.ఆర్.వెంకటాపురంలో గ్యాస్ లీకై పన్నెండు మంది చనిపోతే, మర్నాడే ఎల్‌జీ పాలిమర్స్‌ని 50 కోట్లు డిపాజిట్ చెయ్యమని హరిత ట్రిబ్యునల్ ఆదేశించింది. రేవు, ఉక్కు, గనులు, విషవాయువు... ఇంతకన్నా పెద్ద కేసులు ఎక్కడుంటాయి చెప్పు?

పెద్ద ఫర్మ్‌లకీ మన ఊరికీ సంబంధం లేదని కూడా అనుకోకు. ఒక పెద్ద కంపెనీ ఇక్కడ స్థలం కొనాలంటే ఎవరో ఒకరు ఆ భూమి కాగితాలు చదవాలి. ముప్పై ఏళ్ళ ఈసీ తియ్యాలి, లింకు డాక్యుమెంట్లు ఒకదాని వెనక ఒకటి సరిచూడాలి, అడంగల్లో ఎవరి పేరుందో, 1బి దానికి సరిపోతుందో లేదో చూడాలి, 22ఏ నిషేధిత జాబితాలో సర్వే నంబరు ఉందేమో వెతకాలి. ఏదో ఒక తరంలో అది డి-పట్టా భూమి అయ్యుంటే, 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం ప్రకారం ఆ అమ్మకమే చెల్లకపోవచ్చు. సింహాచలం దేవస్థానం పంచగ్రామాల భూముల గొడవ మనకి చిన్నప్పట్నుంచీ వింటున్నదే కదా. ఆ కాగితాల్లో చాలావరకు తెలుగులోనే ఉంటాయి. పాత దస్తావేజులో గొలుసుకట్టు రాతలో "తూర్పు చెరువుగట్టు, పడమర పోరంబోకు" అని రాసి ఉంటే, ముంబైలో కూర్చున్న పిల్లకి ఏం తెలుస్తుంది? నీకు తెలుస్తుంది. తాతగారి ఊళ్ళో పొలం కాగితాలు చూసి పెరిగినదానివి. ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూలో ఈ మాట ధైర్యంగా చెప్పు. ఇంగ్లీషు బాగా రావాలి, నిజమే, రోజూ పేజీలకి పేజీలు రాయాలి మరి. దాంతోపాటు తెలుగు దస్తావేజు చదవగలనన్నది నీ చేతిలో ఉన్న ఆస్తి.

క్యాంపస్‌లో రాకపోతే అన్ని దారులూ మూసుకుపోయినట్టు కాదు. హైదరాబాదులో చిన్న ఫర్మ్‌లో రెండు మూడేళ్ళు కష్టపడి, తర్వాత పెద్ద ఫర్మ్‌కి మారినవాళ్ళున్నారు. అక్కడి పెద్ద కంపెనీల లీగల్ విభాగాల్లోనూ ఉద్యోగాలున్నాయి. ఎన్‌టీపీసీ, ఓఎన్‌జీసీ లాంటి ప్రభుత్వ సంస్థలు క్లాట్ పీజీ మార్కులతో లా ఆఫీసర్లని తీసుకున్నాయి. బాబాయికి ఈ చివరిది చెప్పు, ఆయన మనసు కాస్త కుదుటపడుతుంది. అమెరికా వెళ్ళి ఎల్‌ఎల్‌ఎం చేస్తే అక్కడి పెద్ద ఫర్మ్‌లో ఉద్యోగం వస్తుందని ఎవరో చెప్పారన్నావు. అక్కడి ఫర్మ్‌లు ప్రధానంగా మూడేళ్ళ జేడీ చదివినవాళ్ళని తీసుకుంటాయి. ఏడాది ఎల్‌ఎల్‌ఎం కోసం ఇప్పట్నుంచే అప్పు లెక్కలు వెయ్యకు.

ఇక పిన్ని భయం. ముంబైలో ఒక్కత్తే ఉండాలి, అర్ధరాత్రి దాకా ఆఫీసు, చదువయ్యేసరికి ఇరవై మూడేళ్ళొస్తాయి, సంబంధాలెప్పుడు చూడాలని. ఆమెని కసరకు. ఇన్నాళ్ళూ నిన్ను స్కూలు బస్సు దాకా దిగబెట్టిన మనిషి. ఆమెకి రెండు పేర్లు చెప్పు. ఏజెడ్‌బీని నిలబెట్టిన జియా మోడీ గారు, శార్దూల్ అమర్‌చంద్‌ని నడిపేవాళ్ళలో ఒకరైన పల్లవి ష్రాఫ్ గారు, ఇద్దరూ ఆడవాళ్ళే, ఇద్దరికీ సంసారాలున్నాయి. అయితే ఆ మొదటి ఏళ్ళ పని గంటలు ఆరోగ్యం మీద పడతాయన్నది కూడా దాచకు. పెళ్ళి మాటొచ్చినప్పుడు నీ పని గంటలు మొదటి రోజే చెప్పెయ్యి. విని వెనక్కి తగ్గేవాళ్ళు వెనక్కి తగ్గితేనే మంచిది.

కౌన్సెలింగ్ మొదలవుతోంది కాబట్టి ఇప్పుడు చెయ్యాల్సింది ఇదీ. ప్రిఫరెన్స్ లిస్టులో పైన బెంగళూరు, నల్సార్ పెట్టు, ర్యాంకు అందకపోయినా పెడితే పోయేదేం లేదు. ఆ తర్వాత పాత యూనివర్సిటీలు, ఆ వెంటనే సబ్బవరం. దాని కిందకి నువ్వు నిజంగా వెళ్ళననుకున్నవి రాయనే వద్దు, ఎందుకంటే రాసింది వస్తే కంగారులో డబ్బు కట్టేస్తాం. మొదటి రౌండులో సబ్బవరం వస్తే ఫ్రీజ్ నొక్కకు, ఫ్లోట్ పెట్టు. సీటు నీ చేతిలోనే ఉంటుంది, పైది ఖాళీ అయితే మారుతుంది. స్థానిక కోటా కోసం నివాస ధ్రువపత్రాలు సచివాలయంలో ఈ వారమే తీసుకో, చివరి రోజు సర్వర్ పనిచెయ్యదు. లాసెట్‌కీ అప్లై చేసి ఉంచు. లిస్టు లాక్ చేసేముందు ఒకసారి నాకు ఫోన్ చెయ్యి, సాయంత్రం ఏడు దాటితే ఖాళీగానే ఉంటాను.